చదివి తీరాలిట!

తెలుగువాణ్ణి వెయ్యి రూపాయలు అప్పడగండి, ఇంట్లో పెళ్ళి పెట్టుకున్నామంటాడు. చదివి ఇచ్చేస్తాను, ఆ పుస్తకం ఇవ్వండని అడగండి, నిన్ననే ఎవరో పట్టుకెళ్ళారంటాడు. చదవదగ్గ పుస్తకాల పేర్లు చెప్పండని మాత్రం అడిగి చూడండి. కుర్చీ వేసి, టీ తెప్పించి, కళ్ళద్దాలు తుడుచుకుని పాతిక పేర్లు ఏకరువు పెడతాడు. పేరు చెప్పడానికి దమ్మిడీ ఖర్చు లేదు. చెప్పినవాడికి పండితుడన్న పేరొస్తుంది, విన్నవాడికి ఇంకా చదవలేదన్న సిగ్గు మిగులుతుంది. ఇంత లాభసాటి దానాన్ని మన ధర్మశాస్త్రాలు ఎలా మరిచిపోయాయో తెలియదు.

ఆ పాతిక పేర్లూ మీకు తెలిసినవే. నడిరాత్రి లేపి అడిగినా నేనూ అప్పజెప్పగలను. కన్యాశుల్కం, మాలపల్లి, మైదానం, వేయిపడగలు, అసమర్థుని జీవయాత్ర, చివరకు మిగిలేది, మహాప్రస్థానం, అల్పజీవి, అంపశయ్య. ఊపిరి పీల్చుకుని ఇంకొన్ని. ఈ వరసలో అన్నిటికన్నా కొత్తదైన అంపశయ్య 1969లో అచ్చయింది. ఆ ఏడే మనిషి చంద్రుడి మీద కాలు పెట్టాడు. ఆ తరవాత తెలుగులో ఎవరూ కాగితం మీద కలం పెట్టలేదని మన సిఫారసు వీరుల గట్టి నమ్మకం.

ఆ పుస్తకాలతో నాకేమీ పేచీ లేదు. వాటిని చెప్పే నోళ్ళతోనే పేచీ. "కన్యాశుల్కం నేను ఏటా ఒకసారి చదువుతానండీ" అనేవాళ్ళు ఈ రెండు రాష్ట్రాల్లో ఎంతమంది ఉన్నారో చూస్తే గురజాడ ఇళ్ళ స్థలం అడిగినా ఇప్పించేయవచ్చు. వాళ్ళను నొప్పించకుండా ఒక చిన్న ప్రశ్న వెయ్యండి. కన్యాశుల్కంలో ఆ కన్యాశుల్కం ఎవరు ఎవరికి ఇవ్వబోయారు, ఏ పిల్ల కోసం? సగం మంది సిగరెట్టు వెలిగించుకోడానికి బయటికి వెళ్తారు. వాళ్ళకు గిరీశం అంటే 1955 సినిమాలో ఎన్.టి.రామారావు, మధురవాణి అంటే సావిత్రి. మిగిలిన సగంలో నిజంగా చదివినాయన ఒకడుంటాడు. ఆయన మరీ ప్రమాదం. "చదివాను" అని మీరు సంబరంగా అన్నారనుకోండి, "ఏ కూర్పు? 1897దా, 1909దా?" అంటాడు. రెండు కూర్పులున్నాయని తెలియని పాపానికి మీరు చదివింది చదువు కింద జమకాదు. పుస్తకం బాగుందా, ఎక్కడ నవ్వొచ్చింది అని ఆయన అడగడు. ఆయనకు కావలసింది మీ హాల్ టికెట్టు.

విశ్వనాథ వేయిపడగలు విషయంలో మరో చిత్రం జరుగుతుంది. "చదివారా?" అని అడిగితే "ఇంట్లో ఉంది" అంటారు. అడిగినదానికీ చెప్పినదానికీ పొంతన లేదని ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ గంభీరంగా తలూపుతారు. రాజకీయాల్లో పీకల్లోతు మునిగిన పి.వి. నరసింహారావు ఆ పుస్తకాన్ని ఆసాంతం హిందీలోకి అనువదించి 'సహస్రఫణ్' అని పేరు పెట్టాడు. పింఛను తీసుకుని పొద్దున్నే పార్కులో నడిచే పెద్దాయనకు మొదటి వంద పేజీలు దాటే తీరిక లేదు. ఆ నవల చదవమని ఇంకొకరికి చెప్పే తీరిక మాత్రం పుష్కలంగా ఉంది.

విజయవాడ పుస్తక మహోత్సవం సాధారణంగా కొత్త సంవత్సరం రోజుల్లో జరుగుతుంది. సిఫారసు వీరులకు అదే తిరునాళ్ళు. అక్కడ ఒక దుకాణం ముందు జరిగిన ముచ్చట చెప్తాను. పాతికేళ్ళ లోపు పిల్ల వచ్చింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగమట. చదువంతా ఇంగ్లీషు మీడియమే అయినా, తెలుగు కూడబలుక్కుని చదవగలదట. ఆ మాట చెప్పుకోవడంలో కొంచెం గర్వం కూడా ఉంది పాపం.

"నవ్వొచ్చే పుస్తకం ఏదైనా ఉందా అన్నా? ఆఫీసు నుంచి వచ్చాక బుర్ర పనిచెయ్యదు. తేలిగ్గా ఉండాలి" అని దుకాణం కుర్రాణ్ణి అడిగింది.

కుర్రాడు నోరు తెరిచేలోగా పక్కనున్న సంచీ పెద్దాయన అందుకున్నాడు. "నవ్వు తరవాతమ్మా, ముందు పునాది పడాలి. అసమర్థుని జీవయాత్ర తీసుకో."

"అందులో కామెడీ ఉంటుందా అంకుల్?"

"జీవితం ఉంటుంది తల్లీ."

అవతల నుంచి ఇంకో సంచీ కదిలింది. "అదేం పునాదండీ మాస్టారూ! బుచ్చిబాబును చదవనివాళ్ళకు గోపీచంద్ ఏం అర్థమవుతాడు? చివరకు మిగిలేదితో మొదలుపెట్టాలి."

ఇద్దరికీ పడింది. ఫ్రాయిడ్ వచ్చాడు, అస్తిత్వవాదం వచ్చింది, ఎవరో ప్రొఫెసరు 1974లో ఒక సదస్సులో అన్న మాట వచ్చింది. పిల్ల ఇటూ అటూ చూస్తోంది. ఈ సందట్లో దుకాణం కుర్రాడు చప్పుడు చెయ్యకుండా బారిష్టరు పార్వతీశం తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె మధ్యలో ఎక్కడో తెరిచి నాలుగు వాక్యాలు చదివి కిసుక్కున నవ్వింది. సంచీలు రెండూ ఒక్కసారి ఇటు తిరిగాయి. "అది ఎప్పుడైనా చదువుకోవచ్చులేమ్మా" అన్నారు ఏకగ్రీవంగా. ఆ పావుగంటలో వాళ్ళిద్దరూ ఏకీభవించిన విషయం అదొక్కటే. పెద్దవాళ్ళ మాట కాదనలేక ఆ పిల్ల వాళ్ళు చెప్పిన రెండు నవలలూ కొనుక్కుని వెళ్ళింది. మొగల్తూరు నుంచి ఇంగ్లండు దాకా ఎన్నో అగచాట్లు దాటుకుని వెళ్ళిన పార్వతీశం, ఈ ఇద్దరినీ దాటలేక మళ్ళీ అరలోకి వెళ్ళిపోయాడు.

ఆ రెండు నవలలూ ఈపాటికి ఆ అమ్మాయి మంచం పక్కన ఫోను చార్జరుకు ఎత్తుపీటగా పనికొస్తూ ఉంటాయి. తెలుగు పుస్తకాలంటే ఇలా ఉంటాయి కాబోలనుకుని ఆమె ఇంగ్లీషు నవలేదో తెరుచుకుని ఉంటుంది. ఇద్దరు పెద్దమనుషులు కలిసి ఒక పాఠకురాలిని తెలుగు సాహిత్యం బారి నుంచి కాపాడారు. వాళ్ళ సంచీల్లో ఏముందో కూడా చూశాను లెండి. కేలండర్లు, ప్రచురణకర్తలు ఉచితంగా పంచే కేటలాగులు.

అసలు మనం కొత్త పాఠకులకు పరిచయం చేసే నవలా నాయకుల వాలకం ఎప్పుడైనా గమనించారా? అసమర్థుని జీవయాత్రలో సీతారామారావు, చివరకు మిగిలేదిలో దయానిధి, అల్పజీవిలో సుబ్బయ్య, అంపశయ్యలో రవి. ఒకరికి మించి ఒకరు నలిగిపోయినవాళ్ళు. ఆ నలుగురినీ ఒక గదిలో కూర్చోబెడితే ఒక్క నవ్వు వినిపించదు. నలిగినవాళ్ళ కథలు చదవకూడదని కాదు, తెలుగు నవల గర్వపడే పాత్రలే అవన్నీ. కానీ ఉద్యోగం ఊడి, నాన్న ముఖం చూడలేక ఇంట్లో కూర్చున్న కుర్రాడు "అన్నా, ఏదైనా పుస్తకం చెప్పండి" అంటే, వెనకాముందూ చూడకుండా అసమర్థుని జీవయాత్ర అనేవాడికి ఆ నవల ఎలా ముగుస్తుందో గుర్తుందా? గుర్తుండి చెప్పాడంటే మనిషి మంచివాడు కాదు. గుర్తులేక చెప్పాడంటే చదివినవాడు కాదు.

ఇక మఠాల సంగతి. పుస్తకం పేరు అడిగితే మనవాళ్ళు సభ్యత్వ రసీదు చింపి ఇస్తారు. ఎర్ర మఠంలో అడిగారా, గోర్కీ అమ్మ, ఏడు తరాలు. కాషాయ మఠంలో అడిగారా, విశ్వనాథ సర్వస్వం. చలం మఠంలో అడిగారా, చలం, చలం మీద పుస్తకాలు, ఆ పుస్తకాల మీద పుస్తకాలు. ఒకాయన రామాయణ కల్పవృక్షం చదివి తీరాలంటాడు. రంగనాయకమ్మ రామాయణ విషవృక్షం చదివి తీరాలని ఒకావిడ అంటుంది. మధ్యలో నిలబడ్డ పాఠకుడికి ఏ వృక్షం నీడా దక్కదు. విశ్వనాథ రాసిన చిన్న నవలలు కొన్ని హాయిగా నవ్విస్తాయని ఎర్ర మఠం చచ్చినా ఒప్పుకోదు. రంగనాయకమ్మ వాక్యం ఎంత సూటిగా, ఎంత తేటగా ఉంటుందో రెండో మఠం పైకి అనదు. చాటుగా చదువుతుంది.

మఠం లేనివాడికి జిల్లా ఉంటుంది. జిల్లా లేకపోతే ఇంటిపేరు ఉంటుంది. కొందరు చెప్పే ఇష్టమైన రచయితల పట్టికను పెళ్ళిసంబంధాల మధ్యవర్తికి ఇస్తే ఒక్క అభ్యంతరం లేకుండా అందరినీ ఒకే పందిట్లో కూర్చోబెట్టగలడు. ఈ మాట మీద కోపం వచ్చినవారు తమ పట్టిక తీసి ఒకసారి ఇంటిపేర్లు చూసుకోవాలని మనవి.

పుస్తకావిష్కరణ సభల్లో జరిగే సిఫారసు మరో రకం. వక్త మైకు పట్టుకుంటూనే "ఈ పుస్తకం నాకు నిన్న రాత్రే అందింది, పూర్తిగా చదివే సమయం చిక్కలేదు" అంటాడు. పది నిమిషాల తరవాత అదే నోటితో "తెరిచాక తెల్లారేదాకా మూయలేకపోయాను" అంటాడు. వేదిక మీద ఎవరూ ఉలిక్కిపడరు. వచ్చే నెల ఈయన పుస్తకానికి ఆయన వక్త. ఆ పై నెల ఆయన శ్రీమతి కవితా సంపుటికి ఈయన అధ్యక్షుడు. ఈ పరస్పర సహాయ సహకార సంఘం అప్పులన్నీ వడ్డీతో సహా తీర్చుకుంటుంది. శాలువాలు మాత్రం అవే తిరుగుతుంటాయి.

వీళ్ళందరినీ భరించవచ్చు. నేను భరించలేనిది "దొరకదు" బాపతు. ఆయన గొంతు తగ్గించి, ఎవరూ వినని ఒక నవల పేరు చెప్తాడు. మీ కళ్ళు మెరుస్తాయి. ఎక్కడ కొనుక్కోవాలండీ అంటారు. ఆ ప్రశ్న కోసమే ఆయన ఇంతసేపూ కాచుకుని ఉన్నాడు. "దొరకదు. అచ్చులో లేదు." ఒక నిట్టూర్పు. "మద్రాసులో ఉన్నప్పుడు మూర్ మార్కెట్టులో పట్టాను. నా దగ్గర ఒక్క కాపీ ఉంది." మీరు ఆశగా చూస్తారు. "ఎవరికీ ఇవ్వను." జెరాక్సు తీయించుకుంటానంటే బైండు ఊడిపోతుందంటాడు. ఇంటికే వచ్చి కూర్చుని చదువుకుంటానంటే ఇంట్లో బంధువులున్నారంటాడు. మరి ఈ పేరు నాకెందుకు చెప్పినట్టు మహానుభావా? చదివించడానికి కాదు, చదవలేకపోయినందుకు మీరు బాధపడాలి, ఆ బాధను ఆయన కళ్ళారా చూడాలి. ఆ పుస్తకం రేపెవరైనా మళ్ళీ అచ్చువేస్తే మొదట ఏడ్చేది ఆయనే.

ఇంగ్లీషు చదువరుల గురించి ఒక్క ముక్క చాలు. "తెలుగులో ఏముందండీ" అంటూ మురకామినీ, మార్క్వెజ్‌నూ వల్లిస్తారు. మురకామి జపనీసులోనూ, మార్క్వెజ్ స్పానిష్‌లోనూ రాశారనీ, వాళ్ళ దేశాల్లో తమ భాష పుస్తకం కొని చదివేవాళ్ళున్నారు కనకే ఆ పుస్తకాలు మన దాకా వచ్చాయనీ వీళ్ళకు తట్టదు.

ఇంతకూ అసలు దొంగతనం ఎక్కడుందో చెప్తాను. వీళ్ళను మనం అడిగింది ఇష్టమైన పుస్తకం. వీళ్ళు చెప్పింది గొప్ప పుస్తకం. ఇష్టం అడిగితే గొప్ప చూపించారు. వీళ్ళకు ఇష్టమైన పుస్తకాలు వేరే ఉన్నాయి. అవి అటక మీద ఉన్నాయి, పరుపు కింద ఉన్నాయి, పదో తరగతి సోషల్ పుస్తకం మధ్యలో ఉన్నాయి. వాటి పేర్లు ఏ సభలోనూ వినపడవు.

మహాప్రస్థానం చదవకముందు ఈ మహాశయుడు ఏం చదివాడు? చందమామలో బేతాళుడి ప్రశ్నకు విక్రమార్కుడు చెప్పే జవాబు తనే ముందు కనిపెట్టాలని తంటాలు పడ్డాడు. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌ను లాంతరు వెలుగులో చదివి, రాజు దెబ్బ తిన్నప్పుడు తను మూలిగాడు. మధుబాబు షాడో కోసం అద్దె పుస్తకాల కొట్టు ముందు కాపలా కాశాడు. ఆంధ్రభూమి వారపత్రికలో తులసిదళం సీరియల్ వస్తున్న రోజుల్లో రాత్రి పెరట్లోకి ఒంటరిగా వెళ్ళడానికి జంకాడు. అన్నం మానేసి చదివింది, అమ్మ చేత తిట్లు తిన్నది, పరీక్ష పోగొట్టుకున్నది వీటి కోసం. అక్షరం మీద ఆకలి పుట్టించినవి ఇవి. ఇప్పుడు "మీ మీద ప్రభావం చూపిన పుస్తకం?" అని అడిగితే మాత్రం, ఎనిమిదో ఏట నుంచీ కామూ చదువుతున్నట్టు ముఖం పెడతాడు.

ఆడవాళ్ళ విషయంలో ఈ బుకాయింపు మరింత మోటుగా సాగింది. 1960లు, 70లలో తెలుగు నవలను వీధి వీధికీ నడిపించింది స్త్రీలు. రాసిందీ వాళ్ళే, చదివిందీ వాళ్ళే. యద్దనపూడి సులోచనారాణి సీక్రెటరీ చేతులు మారీ మారీ అట్టలూడిపోయింది. ఎన్ని ఇళ్ళలో వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు చింపి, దబ్బనంతో కుట్టి, అట్ట వేసి దాచుకున్నారో మన సాహిత్య చరిత్రకారులు లెక్క రాసుకోలేదు. సీక్రెటరీలో జయంతి ఎందుకు రాజశేఖరానికి లొంగదో ఇంటింటా చర్చ జరిగింది. ఆ చర్చ చేసిన ఇల్లాళ్ళను చూసి మగ విమర్శకులు పెదవి విరిచారు, కాలక్షేపం రాతలన్నారు. విరిచిన పెదవులు చాలామటుకు ఇంట్లో భార్య నిద్రపోయాక అదే నవల తెరిచాయి. లేకపోతే అందులో హీరో కారు గురించి అంత నిక్కచ్చిగా ఎలా వెక్కిరించారు?

ఇప్పుడా ఇల్లాళ్ళకు డెబ్భై ఏళ్ళు దాటాయి. మనవరాలు "అమ్మమ్మా, నీకు ఇష్టమైన పుస్తకం ఏది?" అంటే, పక్క గదిలో తాతయ్య వింటున్నాడేమోనని చూసి, "ఏవో చదివేవాళ్ళంలే" అంటుంది. యాభై ఏళ్ళ పాఠకురాలి నోట్లోంచి ఒక పుస్తకం పేరు బయటికి రానివ్వని ఘనత మన పాతిక పేర్ల పట్టికది.

ఈ పట్టికలు రాకముందు సిఫారసు ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే అద్దె పుస్తకాల కొట్టాయన్ని తలుచుకోవాలి. సాహిత్య అకాడమీకి ఆయనెవరో తెలియదు. సందు చివర బడ్డీ, వెనక నాలుగు చెక్క అరలు, అట్టల మీద బ్రౌను కాగితం, లోపలి పేజీలో తేదీల ముద్రలు. వెళ్ళగానే రెండు ప్రశ్నలు వేసేవాడు: "పోయినసారి ఏం పట్టుకెళ్ళావ్? నచ్చిందా?" ఇవాళ్టి సిఫారసు వీరుల్లో ఒక్కరి నోటా నేను వినని ప్రశ్నలివి. నచ్చలేదంటే బాధపడేవాడు కాదు, వాదించేవాడు కాదు. ఒక క్షణం మన మొహం చూసి, ఇంకో అర నుంచి ఇంకోటి తీసేవాడు. షాడో చదివే కుర్రాణ్ణి ఏడాది తిరిగేసరికి రావిశాస్త్రి దగ్గరికి చేర్చిన కొట్లు నాకు తెలుసు. ఆ కుర్రాడికి తను ఎప్పుడు మెట్టు ఎక్కాడో తెలియలేదు. ఆయన జడ్జిమెంటు తప్పితే మర్నాడు గిరాకీ పోతుంది, పావలా పోతుంది. నోటి మాటకు పావలా పూచీ ఉన్న రోజులవి. ఇప్పటి సిఫారసుకు ఏ పూచీ లేదు. మీరు కొని, చదవలేక, అరలో పడేసినా, చెప్పినవాడి మర్యాదకు భంగం లేదు. పైపెచ్చు "మీ స్థాయికి అందలేదు" అంటాడు.

మాలతీ చందూర్ ఉండేవారు. స్వాతి మాసపత్రికలో 'పాత కెరటాలు' శీర్షిక కింద ఇంగ్లీషు నవలల్ని వందల కొద్దీ తెలుగువాళ్ళకు పరిచయం చేశారు. ఆమె ఏం చేసేవారు? కథ చెప్పేవారు. పక్కింటావిడ పిట్టగోడ మీద మోచేతులాన్చి చెప్పినట్టు, ఎవరు ఎవర్ని ప్రేమించారు, ఎవరు మోసం చేశారు, చివరికి ఏమైంది, అన్నీ చెప్పేసేవారు. కథంతా తెలిశాక పుస్తకం ఎవరు చదువుతారండీ అని పండితులు గొణిగారు. ఇంగ్లీషు ముక్క రాని గృహిణులు ఆ నవలల గురించి మాట్లాడుకున్నారు. వాళ్ళ పిల్లలు పెద్దయ్యాక ఆ పుస్తకాలు వెతుక్కుని చదివారు. "చదివి తీరాలి" అనే మాట ఆవిడకు అవసరం పడలేదు.

ఇంకా వెనక్కి వెళ్తే, 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి పెదవడ్లపూడి, కొల్లూరు వైపు ఊళ్ళన్నిటికీ తిప్పారు. పుస్తకం చదవమని ఉపన్యాసం ఇవ్వడానికి రాలేదా పడవ, పుస్తకాన్నే రేవుకు తెచ్చింది. అదే పని ఇవాళ చెయ్యడానికి మనకు జిల్లా గ్రంథాలయ సంస్థలున్నాయి. ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మీరూ నేనూ కడుతూనే ఉన్నాం. ఆ సొమ్ము పురపాలక సంఘాల నుంచి గ్రంథాలయాలకు చేరక బకాయిలు పేరుకుపోతున్నాయని పత్రికలు ఏటా రాస్తున్నాయి. చదివి తీరాల్సిన వంద పుస్తకాల పట్టిక రాసిన వీరుడెవరైనా తను చెప్పిన వందలో పది తన ఊరి గ్రంథాలయంలో ఉన్నాయో లేదో చూసి రావడం నేను చూడలేదు. అక్కడికెళ్తే పోటీ పరీక్షల పిల్లలు కుర్చీలన్నీ ఆక్రమించారని చిరాకు పడి వస్తారు. ఆ పిల్లల్లో ఒక్కడికైనా ఒక కథల పుస్తకం చేతిలో పెట్టి "పది నిమిషాలు చూడు బాబూ" అనరు.

అంకెల మాటకొస్తే సిగ్గు ఇంకాస్త పెరుగుతుంది. 2011 జనాభా లెక్కల్లో తెలుగు తమ మాతృభాష అని దేశంలో 8 కోట్ల పైచిలుకు మంది చెప్పారు. కొత్త తెలుగు నవల అచ్చువేసే ప్రచురణకర్త ఐదొందల కాపీలు వేస్తాడు, గుండె ధైర్యం ఉంటే వెయ్యి. అవి చెల్లడానికి ఏళ్ళు పడుతుంది. ఆ నవలను "అద్భుతం, తప్పక చదవండి" అన్నవాళ్ళందరూ తలా ఒక కాపీ కొన్నా రెండో ముద్రణ వచ్చేది. కొనరు. రచయితే సంతకం చేసి ఇవ్వాలి. ఇచ్చిన కాపీ, సంతకంతో సహా, ఆరు నెలల్లో ఆదివారం హైదరాబాదు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దర్శనమిస్తుంది. రచయితే మళ్ళీ దాన్ని బేరమాడి కొనుక్కున్న సందర్భాలున్నాయి.

అయితే గొప్ప పుస్తకాలు చెప్పవద్దంటారా అని మీసం తిప్పేవాళ్ళుంటారు. చెప్పండి. నిజంగా ప్రేమిస్తే చెప్పండి. వేయిపడగలు పేరెత్తగానే "తెలుగుజాతి సాంస్కృతిక విశ్వరూపం" అన్నవాడి మాట విని నేను అట్ట కూడా తెరవను. ఒకాయన పసిరిక గురించి చెప్పాడు. ఆ పిల్లవాడు పొలాల్లో ఎలా పాకేవాడో, వాడికీ పాముకూ తేడా ఎక్కడ చెరిగిపోతుందో, వాడి సంగతి చదివిన రాత్రి తనకు ఎందుకు నిద్రపట్టలేదో అరగంట చెప్పాడు. జాతి, సంస్కృతి అన్న మాటలు ఆయన నోట రాలేదు. ఆ సాయంత్రమే ఆ లావు పుస్తకం కొన్నాను. విశ్వనాథతో నాకున్న తగాదాలు నాకున్నాయి, అయినా కొన్నాను. ఆ అరగంటకు అంత బలం ఉంది.

నా వంతు కూడా చెప్పకపోతే న్యాయం కాదు. డాక్టర్ కేశవరెడ్డి అతడు అడవిని జయించాడు. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠు రోగులకు వైద్యం చేస్తూ ఆయన నవలలు రాశాడు. పుస్తకం సన్నగా ఉంటుంది, ఒక రాత్రికి సరిపోతుంది. కథ కూడా ఒక్క రాత్రిదే. పందులు కాచుకునే ముసలాయన. ఈననున్న ఆడపంది పొద్దుగూకినా ఇంటికి రాలేదు. ఈటె పట్టుకుని అడవిలోకి వెళ్ళాడు. అంతే. మొదలుపెట్టాక లేచి మంచినీళ్ళు తాగలేదు నేను. హెమింగ్వేతో పోల్చి మాట్లాడేవాళ్ళు చాలామంది ఎదురవుతారు, వాళ్ళను పట్టించుకోకండి. పది పేజీలయ్యాక నచ్చకపోతే పక్కన పెట్టెయ్యండి. మీ స్థాయి గురించి నేను ఎవరితోనూ మాట్లాడను.

ఇక మీ వంతు. ఈసారి ఎవరైనా పుస్తకం పేరు అడిగితే ముందు ఆ మనిషి పోయినసారి ఏం చదివాడో, నచ్చిందో లేదో కనుక్కోండి. తరవాత మీరు అన్నం చల్లారబెట్టుకుని చదివినది ఒక్కటి చెప్పండి, ఒక్కటే. అది షాడో అయినా సరే, సీక్రెటరీ అయినా సరే, గొంతు తగ్గించకుండా చెప్పండి. ఆ పుస్తకం మీ బీరువాలో ఉంటే తాళం తీసి పేరుతో పాటు దాన్నీ ఇవ్వండి. తిరిగి రాదని నాకూ తెలుసు. అయినా ఇవ్వండి.